అంగడి రోజు గోలి

మా అమ్మకు వారాలు అంగళ్లతోనే తెలుస్తాయి. మా ఊళ్లో అంగడి ఉంటే బుధవారం, కాలువ అవతలి ఊళ్లో ఉంటే శుక్రవారం. అందుకే మిర్యాలగూడలో కీళ్ల డాక్టరు, "ఈ గోలి వారానికి ఒక్కటే. పొరపాటున కూడా రోజూ వేసుకోవద్దు" అని మా ఇద్దరికీ గట్టిగా చెప్పినప్పుడు, అమ్మ అక్కడికక్కడే దానికి పేరు పెట్టేసింది. అంగడి రోజు గోలి. మిగతా రోజుల్లో వేసుకోవాల్సిన రెండోది బలం గోలి. మందుల షాపతను ఆ రెండోది చేతిలో పెడుతూ, "ఇది బలానికమ్మా, కడుపుతో ఉన్నోళ్లకు సుత ఇదే ఇస్తరు" అన్నాడు. ఆ మాట నిజమే.

రెండూ పసుపు పచ్చవే. లోకంలో ఇన్ని రంగులుండగా ఆ రెండింటికీ ఒకటే రంగు వేసినవాళ్లను ఏమనాలో నాకు ఇప్పటికీ మాట దొరకదు. అమ్మకు చదువు రాదు గానీ తెలివి తక్కువేమీ కాదు. రెండు గోలీలూ వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసుకుంది. చిన్నది అంగడి రోజు, పెద్దది రోజూ. కళ్లు మూసుకుని కూడా చెప్పేది. నేను కోదాడ నుంచి ఫోన్ చేసి పరీక్ష పెడితే విసుక్కునేది.

"నువ్వు బళ్లె పిల్లలకు పెట్టు పరీక్షలు. నాకెందుకు పెడ్తవ్?"

ఆ మందుతో అమ్మ చేతులు తెరుచుకున్నాయి. అది మామూలు సంగతి కాదు. అంతకు ముందు ఆమె వేళ్లు ఎండిన అల్లం కొమ్ముల్లా అయిపోయాయి. జుట్టు ముడి వేసుకోలేక కోడలిని పిలిచేది. అన్నం ముద్ద నోటిదాకా పోయేలోపే సగం కింద పడేది. మందు మొదలుపెట్టిన కొన్ని నెలలకు ఒకరోజు ఫోన్‌లో, "బిడ్డా, ఇయ్యాల నా జాకెట్ గుండీలు నేనే పెట్టుకున్న" అంది. నేను బడి వరండాలో నిలబడి ఏడ్చాను. పిల్లలు చూస్తున్నారని కూడా సిగ్గుపడలేదు.

చేతులు తెరుచుకున్నాక అమ్మ ఇంట్లో కూర్చుంటుందా? సాగర్ కాలువకు నీళ్లు వదిలారు. నాట్ల ముఠాలు తయారయ్యాయి. ఒకప్పుడు అమ్మ ముఠాలో ముందు వరసలో ఉండేది. ఆమె వంగితే మళ్లీ ఒడ్డు తగిలేదాకా నడుము ఎత్తేది కాదని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈసారి మళ్లీ పోతానంది.

"నాట్లకు పోతే నీతో మాట్లాడను" అన్నాను.

"మాట్లాడకు తీ. జర నిమ్మలమైతది."

నా మాట ఆమె ఎప్పుడూ వినలేదు, ఆ రోజు వింటుందని నేనెందుకు అనుకున్నానో. నా తమ్ముడి భార్య, అంటే అమ్మ కోడలు, కూడా ముఠాకు పోతోంది. అప్పటికి ఆ పిల్ల కడుపుతో ఉంది. అంతకు ముందు ఒకసారి నిలవలేదు. ఈసారి ఎవరికీ చెప్పొద్దని అమ్మ నాకు గుసగుసగా ఫోన్‌లో చెప్పింది. "ఒంగి నాటెయ్యొద్దన్న. ఒడ్డు మీద కూసొని నారు కట్టలు అందియ్యమన్న" అంది.

నాట్లలో ఒక పద్ధతి ఉంది. గోలీలు షీటుతో తెచ్చుకోరు. పొద్దంతా వంగి ఉంటే నడుముకు చెక్కుకున్న సంచిలో ఆ షీటు అంచు కడుపులో గుచ్చుకుంటుంది. పైగా నీళ్లు, బురద. అందుకని ఆడవాళ్లందరూ గోలీలను షీట్ల నుంచి వొత్తి తీసి చిన్న ప్లాస్టిక్ కవర్లో మూటకట్టి, ఆ మూటను గుడ్డ సంచిలో పెట్టుకుంటారు. మధ్యాహ్నం ఒడ్డు మీద సద్దులు విప్పినప్పుడు ఆ కవర్లు కూడా విప్పుతారు. కూర పంచుకున్నట్టే గోలీలూ పంచుకుంటారు. నడుము నొప్పికి ఒకరు ఇస్తారు, తలనొప్పికి ఇంకొకరు ఇస్తారు. ఉండి కూడా ఇవ్వనిదాన్ని పిసినారి అంటారు. అమ్మను ఎవరూ ఎప్పుడూ పిసినారి అనలేదు.

ఆ నెల గోలీలు అయిపోతే తమ్ముడు హాలియాకు ఎరువు సంచులకని పోయి, పాత షీట్లు చూపించి అక్కడి షాపులోనే కొన్నాడు. అవే మందులు, వేరే కంపెనీవి. పేర్లు సరిగ్గానే ఉన్నాయి. షాపతను తప్పు ఇవ్వలేదు. తమ్ముడు తప్పు తేలేదు. కానీ ఈ కంపెనీలో వారం గోలి పెద్దది, బలం గోలి చిన్నది. అమ్మ ఎప్పటిలాగే రెండు షీట్లూ వొత్తి, గోలీలన్నీ ఒకే కవర్లో పోసుకుని నాట్లకు పోయింది. చిన్నది అంగడి రోజు, పెద్దది రోజూ.

మొదట నోరు పూసింది. వేడి చేసిందన్నారు. సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చారు. వక్కాకు మానమన్నారు. తర్వాత మంచినీళ్లు కూడా మింగలేకపోయింది. ఊళ్లో డాక్టరు సూది వేశాడు. జ్వరం వచ్చింది, అదీ నీళ్లలో నానడం వల్లే అన్నారు. అమ్మ మాత్రం మందు మానలేదు. చేతులు మళ్లీ బిగుసుకుపోతాయని భయం. గొంతులో ముల్లు దిగినట్టు ఉన్నా, పొద్దున్నే పెద్ద గోలి ఒకటి మింగి పొలానికి పోయింది.

తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, నువ్వొకసారి రా" అన్నాడు. అంతే. వాడు అంత తక్కువ మాట్లాడడు. బడికి సెలవు పెట్టి బయలుదేరాను. హుజూర్‌నగర్ మీదుగా బస్సులు మారి ఊరికి చేరేసరికి అమ్మ మంచంలో గోడవైపు తిరిగి ఉంది. పిలిస్తే తిరిగింది. పెదాలు పచ్చి పుండు. చేతుల మీద, తొడల మీద నేరేడు పళ్లు నలిపినట్టు మచ్చలు. పుక్కిలించిన గ్లాసులో నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఇన్నిరోజులు ఏం చేసిండ్రు మీరు?" అని తమ్ముడి మీద అరిచాను. కోదాడలో ఉండి నా మాట కొంచెం ఆంధ్ర వైపు పోయిందని అమ్మ వెక్కిరించేది. కోపమొస్తే మాత్రం నేను అచ్చంగా మా ఊరిదాన్నే. వాడు పోయి ఆటో తెచ్చాడు. మరదలు బర్లను చూసుకోవాలని ఇంటి దగ్గర ఉండిపోయింది. ఆటో కదిలేటప్పుడు అమ్మ కాళ్లు పట్టుకుని, "అత్తమ్మా, జల్ది రా" అంది.

సూర్యాపేటలో ఒక దవాఖానలో చేర్చాం. రక్తం రిపోర్టు చూసి డాక్టరమ్మ ముఖం మారింది. చిన్న వయసే, నాకంటే చిన్నది.

"ఏం మందులు వాడుతుంది?"

నేను గడగడా చెప్పాను. కీళ్ల మందు, పేరుతో సహా.

"రోజూ వేసుకుందా?"

"లేదు మేడం. వారానికి ఒక్కటే. అంగడి రోజు."

"అవి తెచ్చారా?"

తమ్ముడు అమ్మ బట్టల మూటలోంచి గుడ్డ సంచి తీశాడు. ప్లాస్టిక్ కవరు, దానితో పాటు ఖాళీ షీట్లు కూడా ఉన్నాయి. షాపులో చూపించడానికని అమ్మ ఖాళీవి పారెయ్యదు. కవర్లో మిగిలిన గోలీలన్నీ చిన్నవే. పెద్దది ఒక్కటీ లేదు. డాక్టరమ్మ ఒక చిన్న గోలి తీసి, ఖాళీ షీటు గుంతలో పెట్టి చూసింది. బలం గోలి షీటులో అది సరిగ్గా కూర్చుంది. రెండో షీటు గుంతలు పెద్దవి. అందులో పెడితే గోలి లోపల దొర్లింది.

నేను ఆ గుంత వైపే చూస్తూ ఉన్నాను. అర్థమైంది. అర్థం కాకూడదని ఎంత అనుకున్నా అర్థమైపోయింది.

"వారం మందు రోజూ వేసుకుంది. రోజూ వేసుకోవాల్సింది వారానికోసారి వేసుకుంది" అంది డాక్టరమ్మ. "ఎక్కువైతే ఆ మందు ఒంట్లో కొత్తగా పుట్టేవాటిని పుట్టనియ్యదు. నోట్లో పొర, రక్తంలో కణాలు, అన్నీ ఆగిపోతాయి. విరుగుడు ఉంది, ఇప్పుడే మొదలుపెడుతున్నాం. కానీ ఆలస్యంగా తెచ్చారు. ఏమీ చెప్పలేను. కణాలు ఎక్కించాలి, రక్తం ఇచ్చే మనుషుల్ని చూసుకోండి."

తమ్ముడు రక్తం ఇవ్వడానికి పోయాడు. నేను అమ్మ దగ్గరికి పోయాను. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక గోడల మీద, ఫ్యాను మీద, పక్క మంచం వాళ్ల టిఫిన్ డబ్బా మీద కోపం వచ్చింది. ఎవరైనా ఒకరు తప్పు చేసి ఉంటే బాగుండు, వాళ్ల గొంతు పట్టుకునేదాన్ని. అమ్మ చెవి దగ్గర వంగి చెప్పాను.

"అమ్మా, గోలీలు తారుమారైనయి. ఈసారి పెద్దదే అంగడి గోలట. చిన్నది బలం గోలట. నీ తప్పేం లేదు. విరుగుడు ఇస్తున్నరు."

అమ్మ కళ్లు పెద్దవయ్యాయి. లేవబోయింది. సూది పెట్టిన చెయ్యిని లాగబోయింది. మాట రావడం లేదు, నాలుక నిండా పుండ్లు. బొటనవేలు, చూపుడువేలు కలిపి గోలి పట్టుకున్నట్టు చూపించింది. తర్వాత కడుపు మీద చెయ్యి గుండ్రంగా తిప్పింది. కడుపు నొప్పేమో అనుకుని నర్సును పిలిచాను. అమ్మ కోపంతో మంచం పట్టెను కొట్టింది. మళ్లీ అదే చూపించింది. గోలి. కడుపు. నాకు తెలియడం లేదు. చివరికి నోరు తెరిచింది. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది.

"కోడలు" అంది.

కడుపుతో ఉన్నోళ్లకు సుత ఇదే ఇస్తరని మందుల షాపతను అన్నాడు కదా. అమ్మ ఆ మాట మర్చిపోలేదు. పెద్దవి బలం గోలీలనుకుని కోడలికి ఇచ్చింది. ఎన్ని అని అడిగితే, అరచేతిని మధ్యకు కోసినట్టు చూపించింది, సగం.

వరండాలో డాక్టరమ్మను పట్టుకుని అడిగాను. "మేడం, ఆ గోలి కడుపుతో ఉన్న పిల్ల వేసుకుంటే?"

ఆమె రాయడం ఆపేసింది. "ఎన్నో నెల?"

"మూడోది."

"ఇంకొక్కటి కూడా వెయ్యనియ్యకండి. ఇప్పుడే తీసుకురండి." తర్వాత గొంతు తగ్గించి, "నిలవకపోవచ్చు. నిలిచినా బిడ్డకు మంచిది కాదు" అంది.

మరదలికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. గడ్డికి పోతే ఆ పిల్ల ఫోన్ ఇంట్లో పెట్టి పోతుంది. తమ్ముడు లోపల రక్తం ఇస్తూ పడుకుని ఉన్నాడు. వాడికి ఆ సంగతి చెప్పలేదు. అమ్మ బట్టలు తెస్తానని చెప్పి బస్సెక్కాను.

ఆ ప్రయాణం నేను ఇంకోసారి చెయ్యలేను. వెనుక అమ్మ పోతోంది. ముందు, ఇంకా రాని బిడ్డ పోతోంది. నేను మధ్యలో కిటికీ పక్కన కూర్చున్నాను. ఏ దేవుడికి ఏం మొక్కానో గుర్తు లేదు. దారిలో గుళ్లు, చర్చీలు, దర్గాలు, కనబడినదానికల్లా దండం పెట్టాను. మా పెద్దమ్మ ఫోన్ చేసి బొప్పాయి ఆకు రసం తాగించమంది. "నువ్వే తాగు" అని పెట్టేశాను. మిర్యాలగూడ దగ్గర మిల్లులకు పోయే వడ్ల లారీలు రోడ్డంతా నిలబడి ఉన్నాయి. బస్సు కదలదు. డ్రైవరు దిగి బీడీ వెలిగించాడు. ఆ మనిషిని కొట్టాలనిపించింది. దిగి, లారీల పక్క నుంచి నడిచి, అవతల ఆటో పట్టుకున్నాను.

ఇంటికి తాళం. బర్లు లేవు. కాలువ కట్ట మీదికి పరుగెత్తాను. మోకాళ్ల నొప్పి అని మెట్లు ఎక్కనిదాన్ని, చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తాను. మరదలు గట్టు కింద గడ్డి కోస్తోంది. నన్ను చూసి కొడవలి కింద పడేసింది.

"అత్తమ్మ పోయిందా వదినా?"

"లేదు. అమ్మ నీకు ఇచ్చిన గోలీలు, పచ్చవి, ఏసుకున్నవా?"

ఆ పిల్ల తల దించుకుంది. కాలి బొటనవేలితో మట్టిని గీస్తోంది.

"తిట్టనంటే చెప్త."

"చెప్పే!"

"ఏసుకోలె వదినా. అత్తమ్మ అడిగితె ఏసుకున్న అని అబద్ధమాడిన. ఒక్కటి సుత ఏసుకోలె."

నేను ఆ పిల్లను పట్టుకుని, గడ్డి, చెమట, అన్నీ కలిపి గుండెకు అదుముకుని ఏడ్చాను. ఆమెకు ఏమీ అర్థం కాక నా వీపు నిమురుతోంది. అబద్ధానికి ఇంతగా దండం పెట్టుకున్నది నేనొక్కదాన్నేనేమో. కాసేపటికి తేరుకుని అడిగాను.

"మరి ఏం చేసినవే వాటిని?"

"అత్తమ్మ కవర్లనే మళ్ల పెట్టిన. ఆమె జూడకుండ. నాకు ఆశా వర్కర్ ఇచ్చిన బలం గోలీలు ఉన్నయి గద. అత్తమ్మకు తక్కువపడితె చేతులు మళ్ల బిగుసుకపోతయని…"

కాలువలో నీళ్లు నిండుగా పోతున్నాయి. బర్రె ఒకటి మా పక్క నుంచే మేస్తూ పోయింది. సగమే మింగాల్సిన అమ్మ అన్నీ ఎందుకు మింగిందో నాకు అప్పుడు తెలిసింది. ఆ సగం ఈ పిల్ల ప్రేమతో తిరిగి పెట్టింది.

ఆమె నా ముఖంలోకి చూస్తోంది. "తప్పు చేసిన్నా వదినా?"

"లేదు. మంచి పని చేసినవ్" అన్నాను. అది నిజం. ఆ నిజం చెప్పడానికి నా ఒంట్లో ఉన్న బలమంతా అయిపోయింది.

అనుమానం ఎందుకని అదే రోజు సూర్యాపేటకు తీసుకుపోయి స్కానింగ్ చేయించాను. బిడ్డ గుండె కొట్టుకుంటోంది. ఆ చప్పుడు విని పరుగున అమ్మ దగ్గరికి పోయాను.

"ఏసుకోలేదమ్మా. ఒక్కటి కూడా ఏసుకోలేదు. బిడ్డ మంచిగుంది."

అమ్మ కళ్లు మూసుకుంది. కన్నీళ్లు పెదవుల మీదికి జారి మండినట్టున్నాయి, ముఖం ముడుచుకుంది. కాసేపటికి అరచెయ్యి తెరిచి, మరి ఏం చేసింది అన్నట్టు తిప్పింది. నాకు ఆలోచించే తీరిక లేదు.

"కాలువల పారేసింది. చేదున్నయట."

అమ్మ ఛాతీ కదిలింది. నవ్విందని తెలిసేసరికి నాకు కొంత సమయం పట్టింది.

ఆ తర్వాతి రోజులు చెప్పడానికి ఏమీ లేవు, భయం తప్ప. పొద్దున రక్తం తీసేవారు, మధ్యాహ్నం రిపోర్టు వచ్చేది. రిపోర్టు తెచ్చేవాడి చెప్పుల చప్పుడు నాకు దూరం నుంచే తెలిసేది. కణాలు ఇంకా పడిపోయాయి. ఒకరోజు డాక్టరమ్మ తమ్ముణ్ణి పక్కకు పిలిచి ఊళ్లో వాళ్లకు చెప్పుకోమంది. వాడు మెట్ల మీద కూర్చుని, "హాలియాల కొనకపోతే అయిపోయేదక్కా" అన్నాడు. నేను వాడి పక్కన కూర్చున్నాను. మేం అమ్మను వదులుకున్నాం. అమ్మ మాత్రం వదల్లేదు. నోరు మానడం మొదలైంది. మెల్లగా కణాలు లేచాయి.

అమ్మ బతికింది. ఆ మందు మాత్రం ఇక ఈ జన్మలో ముట్టొద్దన్నారు. ఇచ్చిన వేరే మందులు పెద్దగా పని చెయ్యలేదు. చలికాలం వచ్చేసరికి వేళ్లు మళ్లీ ముడుచుకున్నాయి, ఈసారి ఇంకా గట్టిగా. ఇప్పుడు మా ఇంట్లో ఏ గోలీ షీటు దాటి బయటికి రాదు. కొత్తవి కొంటే పాతదాని పక్కన పెట్టి, ఏది ఎప్పుడో మళ్లీ అడిగి, తమ్ముడు ఏ మందు షీట్లు ఆ మందు డబ్బాలో వేరుగా పెడతాడు. జాగ్రత్తలన్నీ వచ్చాయి. చేతులే రాలేదు.

ఆడపిల్ల పుట్టింది. అమ్మకు బిడ్డను ఎత్తుకోవడం చేతకాదు, వేళ్లు తెరుచుకోవు. గోడకు ఆనుకుని కూర్చుని రెండు ముంజేతులూ దగ్గరగా చాపితే, మరదలు బిడ్డను వాటి మీద పడుకోబెడుతుంది. పురుడు కడిగిన తెల్లారి నేను పక్కనే కూర్చుని ఉన్నాను. అమ్మ మనవరాలి ముఖం చూస్తూ, "ఆ గోలీలు నువ్వు కాలువల పారేసినవ్ గన్క ఇది దక్కింది బిడ్డా. లేకపోతె నేనే నా చేతులార తీసుకునేదాన్ని" అంది.

మరదలు అమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. కాలువ లేదు, పారెయ్యడం లేదు, ఆమెకు తెలుసు. వాటిని ఎక్కడ పెట్టిందో తెలుసు. అవి ఎవరి కడుపులోకి పోయాయో ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. ముఖంలో రక్తం దిగిపోవడం నేను చూశాను. నేను తల అడ్డంగా ఊపాను, వద్దు అన్నట్టు.

"అవునత్తమ్మా," అంది మరదలు. "చేదున్నయి."

బిడ్డ జారుతుందేమోనని మరదలు వంగి, ముడుచుకుపోయిన ఆ రెండు చేతుల కింద తన చేతులు పెట్టి పట్టుకుంది. చాలాసేపు అట్లాగే పట్టుకుని ఉంది.